ప్యాకింగు చిరిగిన ఫొటో

పార్సిలు మామయ్య ఉద్యోగాన్ని ఎప్పుడో వదిలేశాడు గాని, ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. బస్టాండు వెనకవైపు పార్సిలు ఆఫీసులో వచ్చిన మూటకల్లా ట్యాగు రాసి, పురికొసతో కట్టి, వంగపండు రంగు సిరాతో ముద్ర కొట్టడమే ఆయన జీవితమంతా చేసిన పని. రిటైరయ్యాక మూటలు రావడం ఆగిపోయింది. చెయ్యి ఊరుకోదు కదా, ఇంట్లో సామాను మీద పడ్డాడు. పంచదార డబ్బా మెడలో ‘తేమ తగలరాదు’ అని ఒక ట్యాగు. నిచ్చెనకు ‘ఈ వైపు పైకి’ అని ఒకటి. గొడుగుకు ‘తెరిచిన స్థితిలో తీసుకోబడదు’ అని ఇంకొకటి. పక్కింటివాళ్ల పిల్లి ఒకసారి కిటికీలోంచి దూరి, మెడలో ట్యాగుతో తిరిగి వెళ్లింది. దాని మీద ‘పొరపాటున వచ్చినది. పంపినవారికే చేర్చవలెను’ అని ఉంది.

ఆయన భార్య ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసింది. మనిషి నెమ్మది. ముందు పళ్లలో ఒకటి పక్కదాని భుజమెక్కి కూర్చుందని ఆవిడకు చిన్నప్పటి నుంచీ సిగ్గు. నవ్వొస్తే చెయ్యి అడ్డం వచ్చేది. ఫొటో అంటే చాలు, పెదాలు బిగించేసేది. ఇంట్లో ఉన్న అన్ని ఫొటోల్లోనూ ఆవిడ ఎవరి గుట్టో కడుపులో దాచుకున్నట్టే కనిపిస్తుంది.

ఆవిడ పోయి ఇంకా ఏడాది నిండలేదు. అప్పటి నుంచి మామయ్య ట్యాగులు రాయడం మానేశాడు. పురికొస ఉండ అలమరలో ముడుచుకుని పడుకుంది. కూతురికి అది చూస్తే భయమేసింది. ఆ అమ్మాయికి రెండు వీధుల అవతల కళ్లద్దాల కొట్టుంది. ఒకరోజు కొట్టు మూసి, పాత కంప్యూటరొకటి చంకన పెట్టుకుని వచ్చింది.

“ఆల్బంలో ఉన్న ఫొటోలన్నీ స్కాన్ చేయించాను నాన్నా. ఇదిగో, అన్నీ ఇందులో ఉన్నాయి. నువ్వు ఒక పని చెయ్యాలి.”

“నాకేం వచ్చని?”

“ప్రతి ఫొటో పక్కనా ఖాళీలుంటాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, తీసిందెవరు, వివరణ. నువ్వు నింపితే అవి ఫొటోతో పాటే ఉండిపోతాయి. ఎవరికి పంపినా దాంతోనే వెళ్తాయి.”

మామయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. “అంటే ట్యాగు.”

“అదే అనుకో.”

“దారిలో ఊడిపోదుగా?”

“ఊడదు.”

“పురికొస అక్కర్లేదూ?”

“అక్కర్లేదు నాన్నా.”

“ఇంత మంచి సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?” అన్నాడు మామయ్య, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

వారం తిరక్కుండానే ఆ ఖాళీలన్నీ నిండడం మొదలైంది. కూతురు సాయంత్రాలు వచ్చి చూసేది. పెద్దబావమరిది పెళ్లిఫొటో కింద ఇలా ఉంది: ‘లోపల ఉన్నవి: పెళ్లికొడుకు ఒకటి, పెళ్లికూతురు ఒకటి, వెనక చిల్లర బంధువులు. స్థితి: బయల్దేరినప్పుడు బాగానే ఉన్నవి.’ తను మూడు నెలల పిల్లగా ఉన్న ఫొటో కింద: ‘లోపల: మా అమ్మాయి. బరువు: ఎత్తుకున్నవారి మొహంలో చూడవచ్చు. అడుగుభాగం తడిసినది.’ పట్టా పుచ్చుకుంటున్న అల్లుడి ఫొటో దగ్గర అల్లుడే ఆగిపోయాడు.

“మావయ్యా, ఏంటిది? ‘లోపల చదువు ఉన్నట్లు పంపినవారిచే చెప్పబడినది’ అంటారేంటి?”

“అది ఆఫీసు రూలు అల్లుడూ. మూట విప్పి కళ్లారా చూడనిదానికి నేను పూచీ పడను. పంపినవాళ్లు గాజుగ్లాసులంటే ‘గాజుగ్లాసులని చెప్పబడినది’ అని రాస్తాను. రేపు విప్పితే ఇటుకలుంటే?”

“నా లోపల ఇటుకలుంటాయా?”

“ఉన్నాయనలేదే! చూడలేదన్నాను.”

కూతురు మొహం తిప్పుకుని నవ్వింది. ‘చెప్పబడినది’ అనే మాట ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఊతపదమైంది. కాఫీలో పంచదార వేశావా అంటే “వేసినట్లు చెప్పబడినది” అనేవాడు అల్లుడు.

ఫొటోల పుణ్యమా అని మామయ్య నోరు కూడా తెరుచుకుంది. ఒక్కో ఫొటోకీ ఒక్కో కథ. అందులో పాత ఇల్లు కనిపించిందా, ఇక ఇల్లు మారిన రోజు కథ తప్పదు. ఆ కథ ఆయనకు ప్రాణం. కూతురు పుట్టకముందు జరిగిందది. మేడమీది వాటా ఖాళీ చేసి ఇప్పుడున్న ఇంటికి వచ్చారు. సామానంతటికీ మామయ్యే ట్యాగులు కట్టాడు. లారీ వచ్చింది, నలుగురు హమాలీలు దిగారు.

“అప్పటి మనుషులకు మర్యాద ఉండేదమ్మా,” అంటాడాయన ప్రతిసారీ. “నన్ను చూడగానే పక్కకి జరిగేవాళ్లు. ‘పెద్దాయనకి తగలనియ్యకండ్రా’ అని ఒకరినొకరు కోప్పడ్డారు. నాకప్పటికి ముప్పై దాటలేదు, పెద్దాయనట! మెట్ల దగ్గరికొస్తే రెండు చేతులా పట్టుకుని దింపారు. లారీలో ముందు సీటిచ్చి, పక్కన దిండు పెట్టారు. దిండు! మనిషిని చూడగానే వాడి హోదా తెలుస్తుంది కొందరికి.”

ఈ కథ ఆయన వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. మొదలుపెట్టగానే భార్యకు వంటింట్లో పని గుర్తొచ్చేది. మెట్లు దింపే చోటుకొచ్చేసరికి ఆవిడ లేచి వెళ్లిపోయేది. కుళాయి బార్లా తిప్పేది, గిన్నెల మూతలు దబదబలాడించేది. ఆ నీళ్ల చప్పుడులోనే మామయ్య గొంతు పెంచి దిండు దాకా చెప్పేవాడు. ‘విని విని విసుగెత్తింది పాపం’ అనుకునేవాడు లోలోపల. విసుగని తెలిసీ చెప్పడం మానలేకపోయాడు.

అంతా సాఫీగా సాగుతుండగా ఒక ఫొటో దగ్గర బండి ఆగింది.

అది ఆల్బంలోది కాదు. హాల్లో మామయ్య టై కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగిన పెద్ద ఫొటో ఒకటి వేలాడుతుంటుంది. దాన్నీ స్కాన్ చేయిద్దామని కూతురు చట్రం విప్పితే, అట్టకీ ఫొటోకీ మధ్యలోంచి ఇంకో చిన్న ఫొటో జారింది. అందులో ఆవిడ. పడుచు వయసు. నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది. భుజమెక్కిన పన్ను కూడా స్పష్టంగా కనిపిస్తోంది. చెయ్యి అడ్డం లేదు. ఫొటో కింది భాగం చెమ్మకి చెరిగిపోయి, ఏదో గుండ్రటి వస్తువు పైభాగం ఒక్కటే మిగిలింది.

ఎడమవైపు మాత్రం ఫొటోను ఎవరో కత్తెరతో నిలువునా కత్తిరించేశారు. కత్తిరించినవాళ్ల చెయ్యి కొంచెం వంకర పోయినట్టుంది, ఒక భుజం ముక్క మిగిలిపోయింది. మగవాడి భుజం. గళ్ల చొక్కా.

“ఆ గుండ్రటిదేంటి నాన్నా? పళ్లెమా?”

“డప్పులా ఉంది,” అన్నాడు అల్లుడు.

మామయ్య పళ్లేన్నీ చూడలేదు, డప్పునీ చూడలేదు. భుజాన్నే చూస్తున్నాడు. ‘ప్యాకింగు చిరిగినది. సరుకు తగ్గినది’ అని మాత్రం టైపు చేసి, కంప్యూటరు మూసేశాడు.

మర్నాడు మళ్లీ తెరిచాడు. తీసిందెవరు? తెలియదు. ఎక్కడ? తెలియదు. పక్కనున్నదెవరు? ఆయనకు జన్మలో గళ్ల చొక్కా లేదు. తెల్లవి, లేత నీలివి, అంతే. గళ్ల చొక్కాలు వేసేది ఒక్కడే: తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. గడియారాలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. ఆయన్ని గళ్ల చొక్కా లేకుండా చూసింది వాళ్ల స్నానాలగది ఒక్కటే. మనిషి నోరు విప్పితే ఎదుటివాళ్లు పొట్ట పట్టుకోవాల్సిందే. ఆయన వస్తే పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. మామయ్య వస్తే పిల్లలు లేచి నిలబడేవాళ్లు.

దాంతో మామయ్యకు అన్నం సహించలేదు. అనుమానమా అంటే అనుమానం కాదు. భార్య ఎలాంటిదో ఆయనకు తెలుసు, తోడల్లుడు ఎలాంటివాడో కూడా తెలుసు. కాని ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అలా నవ్వగా ఆయన చూడలేదు. ఆ నవ్వు ఆవిడలో ఉంది. ఎవరో ఒకరు బయటికి తీశారు. అది తను కాదు. తను చెప్పిన ఒక్కగానొక్క మంచి కథకి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

“ఆదివారం ఫొటోలన్నీ మనవాళ్లందరికీ పంపేస్తున్నా నాన్నా,” అంది కూతురు. “ఆ ఒక్కటీ ఖాళీగా ఉంటే ఉండనీ.”

“చిరునామా లేని పార్సిలు బండెక్కదు.”

“పోనీ అది ఆపేద్దాం.”

“అదొక్కటే పంపాల్సిన ఫొటో,” అన్నాడు మామయ్య.

శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఆ ఫొటోను కవర్లో పెట్టి, కవరు మీద అలవాటు చొప్పున ‘వంచరాదు’ అని రాసి, మరదలింటికి బయల్దేరాడు.

మరదలిది అక్కకు సరిగ్గా తిరగేసిన స్వభావం. నవ్వితే వీధి చివర కుక్క లేస్తుంది. తలుపు తీస్తూనే అందుకుంది. “ఎవరమ్మా, బావగారే! ట్యాగు లేకుండా వచ్చేశారే? సరైన ఇంటికే చేరారని ఎలా అనుకోవాలి?”

“మీ ఆయన లేడా?”

“ఉన్నారు. వెనక గదిలో గడియారాలన్నిటికీ కీ ఇస్తున్నారు. వినపడదు గదా, అన్నీ ఒక్కసారి గంటలు కొట్టినా ఆయనకి పట్టదు. మాకే పిచ్చెక్కుతుంది. కూర్చోండి, టీ పెడతాను.”

“టీ తర్వాత. మీ ఆయనకి గళ్ల చొక్కాలు ఎప్పటి నుంచి అలవాటు?”

మరదలు వంటింటి గుమ్మంలో ఆగింది. “పొద్దున్నే వచ్చి మా ఆయన చొక్కాల గురించా? మీకేమైనా కావాలా? రెండు చిరిగినవి ఉన్నాయి.”

మామయ్య కవరు తీసి బల్లమీద పెట్టాడు. మరదలు చేతులు తుడుచుకుని ఫొటో బయటికి తీసింది. చూసింది. ఆవిడ నోట మాట రాకపోవడం మామయ్య చూడడం అదే మొదటిసారి.

“ఇది దాచిందా అక్క!” అంది చివరికి. “ఎక్కడ దొరికింది?”

“నా ఫొటో వెనక. సగం కత్తిరించి ఉంది. ఆ భుజం మీ ఆయనదేగా?”

“చొక్కా మా ఆయనదే.”

“అనుకున్నాను,” అన్నాడు మామయ్య. “ఏం చెప్పాడేంటి అంత నవ్వడానికి? జోకేదో గుర్తుంటే చెప్పు. వివరణలో రాయాలి.”

మరదలు ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. వీధి చివర కుక్క లేచింది. “అయ్యో బావగారూ! ప్యాకింగు చూసి సరుకు రాసే రోజులొచ్చాయా మీకు? చొక్కా మా ఆయనది. లోపలున్న మనిషి మీరు!”

“నేనా? నాకు గళ్ల చొక్కా...”

“ఇల్లు మారిన రోజు. ట్యాగులు రాస్తూ సిరాసీసా ఒంటిమీద ఒంపుకున్నారు. మీ చొక్కాలన్నీ అప్పటికే మూటకట్టి, ముడులేసి, ముద్ర కొట్టేశారు. ముద్ర కొట్టిన మూట విప్పనన్నారు. మా ఆయన ఇంకో చొక్కా తెచ్చుకున్నారు గనక సరిపోయింది, లేకపోతే బనీనుతో లారీ ఎక్కేవాళ్లు.”

సిరా చల్లగా పొట్టమీదికి జారిన సంగతి మామయ్యకు ఎక్కడో లీలగా కదిలింది. “సరే. నేనే అనుకో. నేను జోకులు వెయ్యను. ఎందుకు నవ్వుతోంది మరి?”

“ఆగండి,” అని మరదలు లోపలికి వెళ్లి, బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి, బల్లమీద బోర్లించింది. గడియారాల పట్టీలు, పాత బొత్తాలు, వాటి మధ్య ఫొటోలు. ఒకటి వెతికి తీసి ఆయన ముందు పెట్టింది. అదే ఫొటో, నిండుగా, కత్తెర తగలనిది.

ఆవిడ రెండు చేతుల్లో గోడ గడియారం ఉంది. అందుకే చెయ్యి అడ్డం పెట్టుకోలేకపోయింది. ఎడమవైపు, కెమెరాకు వీపు పెట్టి, చెయ్యెత్తి హమాలీలకు ఏదో ఆజ్ఞాపిస్తున్నాడు గళ్ల చొక్కా మనిషి. ఆ నిలబడ్డ తీరు చూసి మామయ్యకు తన్ను తాను పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. కాలరు వెనక, పిన్నీసుకు, తెల్లగా, వేలాడుతోంది ట్యాగు.

“ఎవరు కట్టారిది?” అన్నాడు.

“ఎవరేంటి? అక్క! మీరు పిన్నీసు దగ్గర్నుంచి పీట దాకా అన్నిటికీ కట్టారు. ‘ముఖ్యమైన సరుకు మర్చిపోయారే’ అని, మీరు వంగి పరుపు కడుతుంటే వెనకనుంచి తగిలించింది. ఆ రాత కూడా నాకు నోటికొచ్చు.” మరదలు గొంతు సవరించుకుంది. “‘లోపల: మొగుడు, ఒకటి. పగిలే స్వభావం. తలకిందులు చేయరాదు. పంపినవారు: అత్తగారు. అందుకున్నవారు: నేను. తిరిగి ఇవ్వబడదు.’”

మామయ్య ట్యాగు మీది అక్షరాలు కనిపిస్తాయేమోనని ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. కనిపించలేదు.

“హమాలీలు,” అన్నాడు నెమ్మదిగా.

“ఆ, హమాలీలు. నలుగురిలో ఒకతనికి చదువొచ్చు. అతను చదివాడు, మిగతావాళ్లకి చెప్పాడు. ఇక చూస్కోండి!”

“మెట్లు...”

“పగిలే సరుకు కదా బావగారూ. చేతులమీద దింపారు.”

“దిండు?”

“పరుపు మూటలోంచి తీసి మరీ పెట్టారు. కుదుపులకి.”

సరిగ్గా అప్పుడే వెనక గదిలో గడియారాలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గంటలు కొట్టాయి. అవి ఆగేదాకా ఇద్దరూ కూర్చున్నారు. అయ్యాక మామయ్య అడిగాడు. “మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఆ రాత్రే చెప్దామనుకుందట. చొక్కా ఉతకాలి ఇవ్వండని తీసుకుని, ట్యాగు విప్పి దాచింది. మర్నాడు మీరు ఆఫీసుకెళ్లి హమాలీల మర్యాద గురించి అందరికీ చెప్పొచ్చారు. వెలిగిపోతూ వచ్చారట ఇంటికి. ఇంకేం చెప్తుంది? పోనీ నెమ్మదిగా చెప్దాం అనుకుంది. మీరు మళ్లీ చెప్పారు. ఇంకోసారి చెప్పారు. చెప్పేకొద్దీ మీ హోదా పెరుగుతోంది, దానికేమో నవ్వు ఆగట్లేదు.”

“నవ్వా? విసుగొచ్చి లేచిపోయేదనుకున్నాను.”

“విసుగా! వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని నవ్వుకునేదండీ. ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను, ఇద్దరం మూతులకి గుడ్డలు అడ్డం పెట్టుకున్నాం. ‘ఒసేయ్, ఈయన దిండు దాకా వచ్చారే’ అనేది. కళ్లమ్మట నీళ్లు కారేవి దానికి. ఫొటో పెద్దది చేయించుకుందామనుకుంది గాని, మీ వీపు కనిపిస్తే అడుగుతారు కదా! అందుకని మిమ్మల్ని కత్తిరించేసింది. అయినా భుజం మిగిలిపోయిందిగా, పారెయ్యబుద్ధి కాక మీ ఫొటో వెనకే దాచిందేమో.”

తోడల్లుడు గది గుమ్మంలోకి వచ్చాడు. గళ్ల చొక్కా, చేతిలో గడియారం కీ. బల్లమీది ఫొటో చూడగానే మొహం విప్పారింది. “అన్నయ్యగారూ! ఇది నేను తీసిందే! బాగా వచ్చింది కదూ?” అని అరిచాడు, వినపడనివాళ్లంతా అరిచినట్టే.

మామయ్య కూడా అరిచాడు. “చెయ్యి వణకలేదు! గొప్పగా తీశావు తమ్ముడూ!”

“ఏంటి?”

“నీ చొక్కా బాగుంది అంటున్నా!”

“అది మీరు తిరిగివ్వలేదు!” అన్నాడు తోడల్లుడు.

ఇంటికొచ్చి మామయ్య కంప్యూటరు తెరిచాడు. సాయంత్రం కూతురు వచ్చేసరికి ఖాళీలన్నీ నిండి ఉన్నాయి.

‘లోపల: మా ఆవిడ, నవ్వుతూ. చేతుల్లో గోడ గడియారం. ఎక్కడ: పాత ఇంటి ముందు, లారీ పక్కన. తీసినది: మా తోడల్లుడు. భుజం మీది చొక్కా: పైవారిదే, తిరిగి ఇవ్వవలసి ఉన్నది. అంచు చిరిగినది కాదు, కావాలని కత్తిరించినది. తగ్గిన సరుకు: నేను. దొరికినది. నవ్వుకు కారణం: పైదే.’

కూతురు ఒకసారి చదివింది. అర్థం కాలేదు. మామయ్య కథంతా చెప్పాడు, ట్యాగు మీది మాటలతో సహా. ఆ అమ్మాయి నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. ముక్కు చీదుకుని తెర వైపు వేలు చూపించింది.

“నాన్నా, రూలు తప్పావు. నువ్వు వీపు పెట్టి నిలబడ్డావు. అమ్మ నవ్వడం కళ్లారా చూడలేదు. ‘చెప్పబడినది’ అని రాయాలి కదా?”

“అక్కర్లేదు.”

“పూచీ ఎవరు?”

“నేనే. అన్నేళ్లూ ఆ కుళాయి చప్పుడు విన్నాను కదా,” అన్నాడు మామయ్య.

ఆదివారం ఫొటోలన్నీ బంధువులకు వెళ్లాయి, ట్యాగులతో సహా. చిల్లర బంధువులెవరని పెద్దబావమరిది వైపు నుంచి రెండు ఫోన్లొచ్చాయి. అలమరలోంచి పురికొస ఉండ కూడా బయటికొచ్చింది. కొత్త చొక్కా ఒకటి, గళ్లది, ‘ఆలస్యమైనది, మన్నించవలెను’ అనే ట్యాగుతో తోడల్లుడింటికి చేరింది.

హమాలీల కథ మాత్రం ఆగలేదు. తర్వాత కొన్నాళ్లకు అల్లుడి స్నేహితుడెవరో ఇంటికొస్తే, మామయ్య కుర్చీ ముందుకు లాక్కుని మొదలుపెట్టాడు. ఒక్క ముక్క మార్చలేదు. అప్పటి మనుషులకు మర్యాద ఉండేదన్నాడు, పెద్దాయనన్నారన్నాడు, రెండు చేతులా పట్టుకుని మెట్లు దింపారన్నాడు. అక్కడ ఆగాడు. ఒక మనిషి లేచి, హాలు దాటి, లోపలికి వెళ్లడానికి పట్టేంతసేపు ఊరుకున్నాడు. వచ్చినతను, ఆ తర్వాతేమైందండీ అన్నట్టు చూస్తున్నాడు.

వంటింట్లో కూతురు కుళాయి బార్లా తిప్పింది.

మామయ్య గొంతు పెంచి దిండు దగ్గరికి వచ్చాడు.